ఫెల్లింగ్ గనిలో పోయిన 92 మందిని మన శిక్షణ గదుల్లోకి తీసుకురండి

బొగ్గు గనుల వృత్తి శిక్షణ కేంద్రాల బోధకులకు, ఏటా రక్షణ వారోత్సవాలు నిర్వహించే అధికారులకు, కార్మిక సంఘాల నాయకులకు

నమస్కారాలతో రాయునది.

నేను బొగ్గుబాయిలో ఓవర్‌మెన్‌గా, అంటే షిఫ్టు పని చూసే పర్యవేక్షకుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మీ అందరినీ ఒకే ఒక్క విషయం అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. కొత్తగా బాయి దిగబోయే పిల్లలకు మీరు చెప్పే పాఠాల్లో సూత్రాలున్నాయి, శాతాలున్నాయి, రెగ్యులేషన్ నంబర్లున్నాయి. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం దాకా ఉంటే పేలుతుందని, 1.25 శాతానికి చేరితేనే మనుషుల్ని అక్కడి నుంచి బయటికి పంపేయాలని, గాలి తలుపు తెరిచి వదిలేయకూడదని, మంట పాకకుండా బొగ్గు దుమ్ము మీద రాతిపొడి చల్లాలని వాళ్లు కంఠతా పట్టి పరీక్ష గట్టెక్కుతున్నారు. అయితే ఈ నిబంధనల్లో ఏది ఏ గనిలో, ఎంతమంది చచ్చిపోయాక వచ్చిందో వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. అందుకే 1812లో ఇంగ్లండులోని ఫెల్లింగ్ బొగ్గు గనిలో పేలుడుకు బలైన 92 మంది కథను, వాళ్ల పేర్లతో, వాళ్లు చేసిన పనులతో సహా, మన శిక్షణలో ఒక పాఠంగా చేర్చాలని నా విన్నపం. రెండు వందల ఏళ్ల కిందట ఎక్కడో జరిగినదానితో మనకేం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు కనుక, అక్కడ జరిగినది కాస్త వివరంగానే చెబుతాను.

ఫెల్లింగ్ ఇంగ్లండు ఈశాన్య ప్రాంతంలో, టైన్ నదికి దక్షిణంగా, గేట్స్‌హెడ్ పట్టణం పక్కన ఉంది. అప్పట్లో అది డర్హం కౌంటీ. గనిలో బ్రాండ్లింగ్ కుటుంబానికి చెందిన ఇద్దరికీ, హెండర్సన్, గ్రేస్ అనే మరో ఇద్దరికీ వాటాలుండేవి. పై పొరలో బొగ్గు 1811 మొదట్లో అయిపోయింది. అప్పటికే దానికి చాలా దిగువన ఉన్న 'లో మెయిన్' పొరలో తవ్వకం మొదలైంది. బాయికి రెండు దారులు. 600 అడుగులకు పైగా లోతున్న జాన్ పిట్ గుండా గాలి లోపలికి దిగేది, దానికి అర కిలోమీటరు దూరంలో ఉన్న విలియం పిట్ గుండా పైకి పోయేది. లోపల గాలి ఒక క్రమంలో తిరగడానికి దారుల మధ్య చెక్క తలుపులు పెట్టారు. బొగ్గు బుట్టలను తోసుకొచ్చేవాళ్ల కోసం ఆ తలుపులను తెరిచి, వెంటనే మూయడానికి చిన్నపిల్లలను కూర్చోబెట్టేవారు. పూర్తి చీకట్లో, ఒక తాడు చేతపట్టుకుని, గంటల తరబడి ఒంటరిగా కూర్చోవడమే ఆ పిల్లల ఉద్యోగం. గాలి లెక్కంతా వాళ్ల మీదే ఆధారపడి ఉండేది. ఈ సంగతి మీ పాఠంలో తప్పకుండా రావాలి. ఇప్పటికీ గాలి తలుపు దగ్గర అజాగ్రత్తగా ఉండేవాళ్లను చూస్తుంటాం. ఒకప్పుడు ఆ తలుపును ఎనిమిదేళ్ల పిల్లవాడు కాపలా కాశాడని తెలిస్తే, అది ఎంత ముఖ్యమైన తలుపో పుస్తకం చెప్పకుండానే అర్థమవుతుంది.

ఫెల్లింగ్ చెడ్డ గని కాదు. ఆ చుట్టుపక్కల గనుల్లో మంచి గాలి, మంచి పద్ధతి ఉన్న గనిగా దానికి పేరుండేది. ఒకసారి గ్యాస్ అంటుకుని ఇద్దరు ముగ్గురికి స్వల్పంగా కాలడం తప్ప, ఆ పొరలో చెప్పుకోదగ్గ ప్రమాదమేదీ అప్పటిదాకా జరగలేదు. మన దగ్గర "మాది మొదటి డిగ్రీ గనే (అంటే గ్యాస్ తక్కువగా వచ్చే గనే) కదా, గ్యాస్ ఎక్కడుంది" అనే ధీమా ఎంత సహజంగా నోటి వెంట వస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకనే ఉదాహరణగా నేను నిర్లక్ష్యానికి పేరుపడ్డ గనిని కాక ఫెల్లింగ్‌ను ఎంచుకున్నాను.

1812 మే 25, సోమవారం. లోపల మొత్తం 128 మంది దాకా పనిచేసే గని అది. పొద్దున దిగిన షిఫ్టు వాళ్లను రెండో షిఫ్టు వాళ్లు పదకొండు గంటలకు పని స్థలాల దగ్గరికే వెళ్లి విడిపించేవారు. ఆ మార్పిడి జరిగే వేళ రెండు షిఫ్టుల వాళ్లూ లోపలే ఉంటారు. పదకొండున్నర ప్రాంతంలో పేలుడు జరిగినప్పుడు లోపల 121 మంది ఉన్నారు. చుట్టూ అర మైలు మేర నేల కంపించింది. మోత మూడు నాలుగు మైళ్ల దాకా వినిపించింది. రెండు బావుల నోళ్ల నుంచీ బొగ్గుపొడి, కర్రముక్కలు, బుట్టలు ఆకాశంలోకి ఎగిశాయి. బరువైనవి బావి దగ్గరే పడ్డాయి. దుమ్ము మాత్రం పడమటి గాలికి మైలున్నర దూరం కొట్టుకుపోయింది. పక్కనున్న హీవర్త్ గ్రామంలో పట్టపగలు సందె చీకటి కమ్మిందని, దారుల మీద పేరుకున్న దుమ్ములో నడిచేవాళ్ల అడుగుజాడలు పడ్డాయని చూసినవాళ్లు రాసిపెట్టారు.

జాన్ పిట్ మీదున్న యంత్రం పేలుడు దెబ్బకు పనికిరాకుండా పోయింది. అక్కడే మన గానుగలా గుర్రాలు కట్టి తిప్పే పాతకాలపు చుట్టుచక్రం ఒకటి ఉండేది. గుర్రాల కోసం ఎదురుచూడకుండా, పరుగెత్తుకొచ్చిన జనమే దాని కాళ్లకు భుజాలు ఆనించి తిప్పారు. పన్నెండుంబావు అయ్యేసరికి 32 మందిని ప్రాణాలతో పైకి లాగారు. వాళ్లలో ముగ్గురు కొన్ని గంటల్లోనే చనిపోయారు. ఇద్దరి శవాలు కూడా పైకి వచ్చాయి. మిగిలిన 87 మంది లోపలే ఉండిపోయారు.

ఆ వెంటనే తొమ్మిది మంది వాళ్ల కోసం బాయి దిగారు. వాళ్ల చేతిలో ఏ దీపం ఉందో మన పిల్లలకు చెప్పండి. మంట బయటి గ్యాస్‌ను అంటించకుండా చేసే సేఫ్టీ లాంప్ అప్పటికి లేదు. గ్యాస్ ఉన్నచోట కొవ్వొత్తి పట్టుకెళ్లడమంటే మళ్లీ పేలుడు తెచ్చుకోవడమే కనుక, ఉక్కు చక్రాన్ని చేత్తో తిప్పుతూ చెకుముకి రాయికి ఒరిపించే చిన్న పరికరాన్ని వాడేవారు. దాని నుంచి రాలే నిప్పురవ్వల వెలుతురులోనే నడవాలి. ఆ రవ్వలు కూడా గ్యాస్‌ను అంటించగలవన్నది అప్పటికే అనుభవంలో ఉన్న విషయం. లోపలికి వెళ్లినకొద్దీ పేలుడు తర్వాతి విషగాలికి ఆ రవ్వలు వెలుగు కోల్పోయి, నల్లబారిన నెత్తుటి చుక్కల్లా రాలాయట. ఇక ముందుకు వెళ్లలేక వెనుదిరిగారు. కొందరు పైకి వస్తుండగా కింద ఇంకోసారి పేలింది. తాడు మీద ఉన్నవాళ్లు దాన్ని గట్టిగా పట్టుకుని, అడుగున ఉన్నవాళ్లు నేలకు బోర్లా పడుకుని ప్రాణాలు దక్కించుకున్నారు.

లోపల నిప్పు ఉందని తేలిపోయాక, గాలి అందకుండా బావులను మూసేయడం తప్ప గత్యంతరం లేదని పెద్దలు నిర్ణయించారు. బావుల చుట్టూ చేరిన కుటుంబాలకు ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో వేరే చెప్పాలా! ఇది హత్య అని అరిచారు. ఇలాంటి ప్రమాదాల్లో మూసుకుపోయిన గనుల్లో కొవ్వొత్తులూ గుర్రాల దాణా తిని రోజుల తరబడి బతికి బయటపడ్డవాళ్ల కథలు ఒకరికొకరు చెప్పుకున్నారు. మరోసారి దిగి చూశారు, ప్రయోజనం లేకపోయింది. ఆ తర్వాత బావి నోటికి అడ్డంగా పలకలు వేసి, మట్టి కొట్టి మూసేశారు. సాంకేతికంగా అది సరైన నిర్ణయమేనని, అక్కడ ఉంటే నేనూ అదే చెప్పేవాణ్ణని నా అభిప్రాయం. కానీ మూత పడ్డ బావి ముందు నిలబడ్డవాళ్లకు ఆ నిర్ణయాన్ని ఎవరు ఎలా చెప్పాలన్నది మన శిక్షణలో ఈనాటికీ ఎక్కడా లేదు.

ఆరు వారాల తర్వాత, జులై 8న, బావి తెరిచి శవాలను తీయడం మొదలుపెట్టారు. అది సెప్టెంబరు 19 దాకా సాగింది. పైన శవపేటికలు వరసగా సిద్ధంగా ఉన్నాయి. ఒక్కొక్కరినీ పైకి తెచ్చినప్పుడు తల్లులూ భార్యలూ వచ్చి గుర్తుపట్టాలి. ముఖాలు గుర్తుపట్టే స్థితిలో లేవు. కాలి జోళ్లు, ఒంటి మీద మిగిలిన బట్ట, జేబులోని పొగాకు డబ్బీ, ఇవే చాలామందికి గుర్తులయ్యాయి. ఫలానా జోడు తానే బాగుచేయించిందని, ఫలానా చొక్కాకు మాసిక తానే వేసిందని చెప్పగలిగిన మనిషి ఉన్నప్పుడే ఆ శవానికి పేరు దక్కిందన్నమాట. ఒకరి శవం దొరకనేలేదు. నలుగురిని విడి సమాధుల్లో పెట్టి, మిగతా అందరినీ హీవర్త్ చర్చి ఆవరణలో పొడుగాటి కందకం తవ్వి, పేటిక మీద పేటికగా రెండు వరసల్లో, ప్రతి నాలుగు పేటికలకూ మధ్య ఇటుకా సున్నంతో గోడ కట్టి పూడ్చారు.

ఆ చర్చి గురువు పేరు జాన్ హాడ్జ్‌సన్. నేను ఈ లేఖ రాయడానికి కారణం ఆయనే.

ఆ రోజుల్లో గని చావులు పెద్దగా పైకి పొక్కేవి కావు. అంతకు చాలా ముందు, 1767లోనే, న్యూకాజిల్ పత్రిక ఒకటి గనుల్లో చావులు పెరిగిపోతున్నాయని, వితంతువులకూ అనాథలకూ యజమానులు ఏదైనా ఏర్పాటు చేయాలని రాస్తూ, ఇలాంటి విషయాలను ప్రత్యేకంగా పట్టించుకోవద్దని తమను కోరారు కనుక ఇక ప్రస్తావించబోమని అదే వాక్యంలో చేతులు దులుపుకుంది. గనిలో చనిపోయినవారి మీద అధికారికంగా మరణ విచారణ జరిపే ఆనవాయితీ కూడా ఆ జిల్లాల్లో లేదు. అంటే ఒక పేలుడులో పదిమంది పోతే, ఎందుకు పోయారన్న ప్రశ్నను అడగాల్సిన బాధ్యత ఎవరికీ లేదు. జరిగింది జరిగినట్టే మట్టిలో కలిసిపోయేది, పక్క గనిలో అదే తప్పు మళ్లీ జరిగేది.

హాడ్జ్‌సన్ తన ఊరివాళ్లకు అంత్యక్రియలు జరిపి ఊరుకోలేదు. గని యజమానులకు నచ్చదని తెలిసి కూడా, అంత్యక్రియల్లో తాను చేసిన ప్రసంగానికి గని వర్ణన, పేలుడు వృత్తాంతం జోడించి 1813లో అచ్చువేశాడు. పొర లోతు ఎంత, గాలి ఎటు నుంచి ఎటు వెళ్లేది, ఏ రోజు ఎవరు దిగారు, ఎక్కడి దాకా వెళ్లగలిగారు, చచ్చిపోయినవాళ్లెవరు, వాళ్ల వయసెంత, పనేమిటి, అన్నీ అందులో ఉన్నాయి. ఆ వృత్తాంతం గని పటంతో సహా ఒక శాస్త్ర పత్రికలో కూడా వచ్చింది. చనిపోయినవారి పేర్లూ వయసులూ చెక్కిన ఇత్తడి పలకలతో హీవర్త్ చర్చి ఆవరణలో ఒక స్మారక స్తంభాన్ని నిలబెట్టారు. ఆ జాబితా చదివితే ఒకే ఇంటిపేరు మళ్లీ మళ్లీ తగులుతుంది. క్రాగ్స్ అని, గార్డన్ అని. తండ్రీ కొడుకులూ అన్నదమ్ములూ ఒకే బాయిలో పనిచేసే ఊళ్లు ఎలా ఉంటాయో మన బొగ్గు బెల్టులో ఎవరికీ వివరించి చెప్పనవసరం లేదు. బొగ్గు నరికేవాళ్లున్నారు, బుట్టలు తోసేవాళ్లున్నారు, తలుపు కాసే పిల్లలున్నారు.

ఒక పేలుడు గురించి గని తెలిసినవాడు చదివినా నమ్మేంత వివరంగా ఒకరు రాయడం వల్ల ఏమైందో చూడండి. 1813 అక్టోబరు 1న సండర్లాండ్‌లో గని ప్రమాదాల నివారణ కోసం ఒక సంఘం ఏర్పడింది. గని గాలి విషయంలో ఆ ప్రాంతంలో అందరికన్నా అనుభవజ్ఞుడైన జాన్ బడ్ల్ ఆ సంఘానికి రాస్తూ, యంత్రాలతో గాలి నడపడంలో చేయగలిగినంతా చేశామని, ఇక శాస్త్రవేత్తలే దారి చూపాలని ఒప్పుకున్నాడు. సండర్లాండ్ వైద్యుడు క్లానీ అదే ఏడాది ఒక దీపం తయారుచేశాడు, కానీ అది బాయిలో మోయడానికి అనువైనది కాదు. సంఘం పిలుపు మేరకు 1815 ఆగస్టులో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ వచ్చాడు. హాడ్జ్‌సన్‌నూ బడ్ల్‌నూ కలిశాడు, గని గ్యాస్‌ను సీసాల్లో తెప్పించుకుని పరీక్షించాడు, సన్నని తీగ జల్లెడ లోంచి మంట బయటి గ్యాస్‌కు పాకదని కనిపెట్టాడు. 1816 జనవరిలో హెబర్న్ గనిలో ఆ దీపాన్ని పరీక్షించినవారిలో హాడ్జ్‌సన్ కూడా ఉన్నాడు. అప్పటికే కిల్లింగ్‌వర్త్ గనిలో ఇంజనీరు జార్జ్ స్టీఫెన్‌సన్ తన సొంత దీపాన్ని పరీక్షించాడు. ఎవరిది ముందన్న గొడవ చాలా కాలం నడిచింది, అది మనకు అక్కరలేదు. మన సర్దార్లు (గ్యాస్ తనిఖీ చేసే గని ఉద్యోగులు) చేత పట్టుకుని, ఒత్తి తగ్గించి, మంట మీద నీలి టోపీ ఎంత లేచిందో చూసి గ్యాస్ చెప్పే ఫ్లేమ్ సేఫ్టీ లాంప్ ఆ దీపం సంతతే. దాన్ని చేతికిచ్చే ముందు ఫెల్లింగ్ పేరు చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు.

ఇక్కడితో ఆపేస్తే మాత్రం కథ తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే దీపం వచ్చింది, కష్టాలు తీరాయి అన్నట్టు ధ్వనిస్తుంది. 1835లో బ్రిటిష్ పార్లమెంటు నియమించిన గని ప్రమాదాల సంఘం లెక్క తీస్తే, నార్తంబర్లండ్, డర్హం ప్రాంతాల్లో దీపానికి ముందు 18 ఏళ్లలో 447 మంది చనిపోగా, దీపం వచ్చాక 18 ఏళ్లలో 538 మంది చనిపోయారని తేలింది. దీపం ఉందన్న ధైర్యంతో, అంతకుముందు గ్యాస్ భయంతో వదిలేసిన పొరల్లోకీ మూలల్లోకీ కార్మికులను పంపారు. తవ్వకం పెరిగింది, లోతు పెరిగింది, గాలి మాత్రం ఆ మేరకు పెరగలేదు. నన్నడిగితే, ఫెల్లింగ్ పాఠంలో ఎక్కువసేపు ఆగాల్సిన చోటు ఇదే. ఇవాళ మన చేతిలో మీథేన్‌ను కొలిచే డిజిటల్ మీథనోమీటర్ ఉంది, కంట్రోల్ రూమ్‌లో తెర మీద అంకెలు కనిపిస్తున్నాయి. పరికరం ఇచ్చిన భరోసాను గాలికి బదులుగా వాడుకోవడం రెండు వందల ఏళ్ల నాటి జబ్బేనని శిక్షణలో ఉన్న పిల్లవాడికి ఆ రెండు అంకెలు చూపించి చెప్పండి, వాడు మరచిపోడు.

రాతిపొడి పాఠానికి వచ్చేసరికి డర్హంలోనే ఇంకో గని పేరు చెప్పాలి. 1844 సెప్టెంబరు 28న హాస్‌వెల్ గనిలో పేలుడు జరిగి 95 మంది చనిపోయారు. కార్మికుల తరఫు న్యాయవాది రాబర్ట్స్ ప్రధానమంత్రి పీల్‌కు మొరపెట్టుకోవడంతో, ప్రభుత్వం ప్రఖ్యాత శాస్త్రవేత్త మైకేల్ ఫారడేనూ, భూగర్భ శాస్త్రవేత్త చార్లెస్ లయల్‌నూ విచారణకు పంపింది. గాలి వేగాన్ని ఎలా కొలుస్తారని ఫారడే అడిగితే, అక్కడి ఇన్‌స్పెక్టర్ చిటికెడు తుపాకిమందు తీసి కొవ్వొత్తి మంటలో వేసి, ఆ పొగ ఎంతసేపట్లో ఎంత దూరం పోతుందో మరొకరు గడియారం పెట్టి చూడడం చూపించాడట. మందు ఎక్కడ పెడతారని అడిగితే సంచిలో అన్నారు, ఆ సంచి ఎక్కడంటే ఫారడే కూర్చున్నది దాని మీదే. ఇది నవ్వు తెప్పించే కథే గానీ, వాళ్లిద్దరూ ఇచ్చిన నివేదిక నవ్వులాట కాదు. పేలుడు అంతగా వ్యాపించడానికి గ్యాస్ ఒక్కటే కారణం కాదని, గాలిలోకి లేచిన బొగ్గు దుమ్ము కూడా కాలిందని అందులో రాశారు. ఆ మాటను గని యాజమాన్యాలు దశాబ్దాల పాటు చెవిన పెట్టలేదు. దారుల్లో రాతిపొడి చల్లడం నియమంగా మారింది ఇరవయ్యో శతాబ్దంలోనే. మన దేశంలో 1965 మే 28న అప్పటి బిహార్‌లోని ధోరీ గనిలో జరిగిన పేలుడులో 268 మంది చనిపోయారు, ఆ పేలుడులోనూ బొగ్గు దుమ్ము ఉంది. అప్పటికి ఫారడే నివేదిక వచ్చి నూట ఇరవై ఏళ్లు. రాతిపొడి బస్తా మోయడం శిక్షణార్థికి వెట్టిచాకిరీలా అనిపిస్తుంది. ఆ బస్తా దగ్గర నిలబెట్టి ఈ రెండు తేదీలు చెప్పండి.

మరొక్క గని పేరు చెప్పి ఈ వరస ముగిస్తాను. 1866 డిసెంబరు 12న యార్క్‌షైర్‌లోని బార్న్‌స్లీ దగ్గర ఓక్స్ గని పేలింది. మర్నాడు ఉదయం, రక్షించడానికి దిగినవాళ్లు లోపల ఉండగానే మళ్లీ పేలి, పార్కిన్ జెఫ్‌కాక్ అనే ఇంజనీరుతో సహా 27 మంది రక్షకులు చనిపోయారు. మొత్తం మృతులు 361 అని నూట యాభై ఏళ్లు చెప్పుకున్నారు. స్థానిక చరిత్ర పరిశోధకులు పాత రికార్డులన్నీ తిరగేసి, నిజానికి 383 మంది అని ఈమధ్యే తేల్చారు. ఆ రోజు లోపలికి ఎందరు దిగారో చెప్పే సరైన పట్టిక ఎవరి దగ్గరా లేకపోవడమే ఇందుకు కారణం. లాంప్ రూమ్‌లో టోకెన్ ఇవ్వడం, హాజరు పట్టీలో పేరు ఎక్కించడం ఎందుకో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు. పర్మనెంటు కార్మికుడికీ, కాంట్రాక్టు మీద నాలుగు రోజుల పనికి వచ్చినవాడికీ ఈ విషయంలో ఏ తేడా ఉండకూడదు.

ఇదంతా పరాయి దేశపు చరిత్ర అనుకోవడానికి లేదు. ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్ గుర్తించింది 1871లో, అక్కడ తవ్వకం మొదలైంది 1889లో. అప్పటికి ఫెల్లింగ్, హాస్‌వెల్, ఓక్స్ మూడూ జరిగిపోయాయి. బ్రిటన్‌లో గని ఇన్‌స్పెక్టర్లు 1850లోనే వచ్చారు. 1862లో హార్ట్లీ గనిలో ఉన్న ఒకే ఒక్క బావి మూసుకుపోయి 204 మంది చనిపోయాక, ప్రతి గనికీ రెండు దారులుండాలన్న చట్టం కూడా వచ్చింది. అంత తెలిసిన పాలకులే ఇక్కడ మాత్రం గనులు తవ్వనిచ్చి, చట్టం సంగతి వాయిదా వేశారు. 1897లో కోలారు బంగారు గనుల్లో 52 మంది, ఆ తర్వాత బలూచిస్తాన్‌లోని ఖోస్త్ బొగ్గు గనిలో 47 మంది చనిపోయాకే కదలిక వచ్చి, 1901లో తొలి గనుల చట్టం తెచ్చారు, మరుసటి ఏడాది తనిఖీ కార్యాలయం పెట్టారు. తెలిసిన పాఠాన్ని మళ్లీ చావులతోనే నేర్చుకోవాల్సి వచ్చిందన్నమాట.

ఇక నేను అడుగుతున్నదేమిటంటే, ప్రాథమిక శిక్షణలో గాలి గురించిన పాఠం మొదలుపెట్టే రోజున ఒక గంట ఫెల్లింగ్‌కు కేటాయించండి. హాడ్జ్‌సన్ ఇచ్చిన జాబితాను వయసులతో, పనులతో సహా గోడకు తగిలించి, బోధకుడు కాకుండా శిక్షణార్థులే తలా కొన్ని పేర్లు బిగ్గరగా చదవాలి. ఇరవై రెండేళ్ల కుర్రవాడు తనకన్నా పదేళ్లు చిన్నవాడి పేరు, పక్కనే వాడి పని చదివినప్పుడు కలిగేది ఉపన్యాసంతో కలగదు. రిఫ్రెషర్ శిక్షణకు వచ్చే అనుభవజ్ఞులకు ఈ కథ కన్నా 447, 538 అంకెల మీద చర్చ పెట్టడం మేలు, ఎందుకంటే పరికరం మీద అతినమ్మకం కొత్తవాళ్లకన్నా పాతవాళ్లలోనే ఎక్కువ.

రక్షణ వారోత్సవాల సంగతి కూడా కొంచెం నొప్పి కలిగించినా చెప్పక తప్పదు. ముగ్గులు, నినాదాలు, నాటికలు, బహుమతులు, వచ్చిన పెద్దలకు శాలువాలు, వీటన్నిటికీ సమయం దొరుకుతోంది. గడచిన ఏడాది మన ప్రాంతంలో జరిగిన ప్రాణాంతక ప్రమాదాల్లో కనీసం ఒక్కదాని విచారణలో తేలిన విషయాలను, తప్పు ఎవరిదైనా సరే దాచకుండా, అందరికీ అర్థమయ్యే తెలుగులో, కార్మికుల ముందు చదివి వినిపించే కార్యక్రమం ఎక్కడా నా కంటపడలేదు. చనిపోయినవారి కుటుంబాల అనుమతితో పేర్లూ చెప్పవచ్చు, వద్దంటే పని పేరు చెప్పినా చాలు: టింబర్‌మన్ (కర్ర ఆసరాలు పెట్టేవాడు), ట్రామర్ (బొగ్గు బండ్లు తోసేవాడు), షాట్‌ఫైరర్ (మందు పేల్చేవాడు). అది జరిగిన డిస్ట్రిక్టు (గనిలోని భాగం), అప్పటి షిఫ్టు, ముందు రోజు రిపోర్టు పుస్తకంలో ఏమి రాసి ఉంది, ఎవరు చదివి సంతకం చేశారు, ఇవన్నీ వరసగా చెప్పాలి. యాజమాన్యానికి ఇబ్బందిగా ఉంటుందని మీరు అనవచ్చు. ఫెల్లింగ్ గని యజమానులైన బ్రాండ్లింగ్ కుటుంబానికీ ఇబ్బందిగానే ఉండి ఉంటుంది. కార్మిక సంఘాల నాయకులు ఈ విషయంలో యాజమాన్యాన్ని అడగడమే కాదు, నష్టపరిహారం, వారసత్వ ఉద్యోగం ఖరారు కాగానే ప్రమాద కారణం మీద ప్రశ్నలు ఆపేసే అలవాటును తామూ మానుకోవాలి. ఇంటికి ఉద్యోగం వచ్చినంత మాత్రాన తండ్రి ఎందుకు పోయాడో తెలుసుకునే హక్కు కొడుక్కి పోదు, పైగా అదే బాయి దిగబోతున్నది ఆ కొడుకే.

ఫెల్లింగ్ వృత్తాంతంలోని ముఖ్య భాగాలనూ మృతుల జాబితానూ తెలుగులోకి రాసి ఉంచాను. ఏ శిక్షణ కేంద్రమైనా అడిగితే ఉచితంగా పంపుతాను. వచ్చే బ్యాచ్ మొదలయ్యేలోగా ఒక్క కేంద్రమైనా దీన్ని ప్రయత్నించి, శిక్షణార్థులు అడిగిన ప్రశ్నలను రాసి నాకు తెలియజేస్తే, వాటిని బట్టి పాఠాన్ని సవరించి ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఓవర్‌మెన్,
గోదావరిఖని